బతికున్న ఎర

జూన్‌లో బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టా కాలువకు నీళ్లు వదులుతారు. వారం తిరిగేసరికి లొల్ల లాకుల నుంచి కొత్తపేట, అమలాపురం దాకా, గన్నవరం అక్విడక్టు దాటి రాజోలు దాకా కాలువ గట్ల మీద గాలాలు వేసేవాళ్లు చేరిపోతారు. వేసవంతా కాలువలు కట్టేసి ఉండటంతో గుంటల్లో, మురుగు కాలువల్లో తలదాచుకున్న చేపలు కొత్త నీటి వాసనకు కదులుతాయి. గట్టు మీద కూర్చున్నవాళ్ల దగ్గర వెదురు కర్ర, నైలాన్ దారం, బెండు, ములుకు దాదాపు ఒకేలా ఉంటాయి. తేడా కనిపించేది ఎర దగ్గరే. ఒకరి కొబ్బరి చిప్పలో తడి మట్టి, అందులో ఎర్రలు, అంటే వానపాములు. ఇంకొకరి బకెట్లో బతికున్న పరిగె పిల్లలు. మరొకరి దగ్గర పిండి ఉండలు. ఇద్దరు పక్కపక్కనే కూర్చున్నా ఒకరి గాలానికి చేపలు పడుతూనే ఉంటాయి, రెండోవారి బెండు కదలనే కదలదు.

దీన్ని అదృష్టం ఖాతాలో రాసేయడం మనకు అలవాటు. అదృష్టం పాత్ర కొంత ఉండొచ్చు. కానీ చేప తన తిండిని ఎలా కనిపెడుతుందో గత నూరేళ్లుగా శాస్త్రజ్ఞులు ఓపిగ్గా పరిశోధించారు. ఆ సంగతులు తెలిస్తే ఆ బెండు ఎందుకు కదల్లేదో చాలావరకు అర్థమవుతుంది. ఏ ఎర మంచిదని అడిగినప్పుడు మనవాళ్లు ముందు ‘ఏ చేప కోసం?’ అని ఆలోచిస్తారు. నన్నడిగితే అంతకంటే ముందు నీళ్లు చూడాలి. ఆ నీళ్లలో ఆ రోజు చేపకు కళ్లు పనికొస్తాయా, ముక్కు పనికొస్తుందా, మీసాలు పనికొస్తాయా? ఎర ఏదన్నది ఆ జవాబును బట్టి తేలుతుంది.

జూలై, ఆగస్టుల్లో గోదావరి ఎర్రబడుతుంది. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన ఒండ్రు కాలువల్లోకీ, బోదెల్లోకీ వస్తుంది. ఆ నీళ్లలో చెయ్యి మోచేతి దాకా ముంచితే వేళ్లు కనిపించవు. కంటిని నమ్ముకుని వేటాడే చేపకు ఇది గడ్డు కాలం. జెల్ల, మార్పు, వాలుగ లాంటి మీసాల చేపలకు మాత్రం పండగ. వాటికి మొదటి నుంచీ కళ్ల మీద అంత ఆధారం లేదు. జెల్ల మీసాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే దాని పొడవునా రుచి మొగ్గలు కిక్కిరిసి ఉంటాయి. మన నాలుక మీద ఉండేవీ ఇవే. మీసాల మీదే కాదు, పెదాల మీద, తల మీద, ఒంటి మీద, తోక దాకా ఉంటాయి. అమెరికాలోని బుల్‌హెడ్ అనే మీసాల చేప ఒంటి మీద లక్షకు పైగా రుచి మొగ్గలు ఉన్నాయని యెల్లె ఆటెమా అనే శాస్త్రజ్ఞుడు 1971లో లెక్కగట్టాడు. అంటే ఆ చేప ఒక వస్తువును రుచి చూడటానికి దాన్ని నోట్లో పెట్టుకోనక్కర్లేదు. పక్కనుంచి ఒంటికి రాసుకుంటూ పోతే చాలు.

అది రుచి చూసేది దేన్ని? ముఖ్యంగా అమైనో ఆమ్లాలను. మాంసకృత్తులన్నీ వీటితోనే తయారవుతాయి. ప్రాణం ఉన్న ప్రతి దాని నుంచీ ఇవి కొద్దికొద్దిగా నీళ్లలోకి జారుతూ ఉంటాయి, గాయమైతే మరీ ఎక్కువగా. జాన్ కాప్రియో అనే పరిశోధకుడు 1970లలో చానల్ క్యాట్‌ఫిష్ అనే చేప మీసంలోని నరాలకు సన్నటి ఎలక్ట్రోడ్లు తగిలించి చూశాడు. లీటరు నీళ్లలో గ్రాములో కోటో వంతు కూడా లేని అలనిన్ అనే అమైనో ఆమ్లానికి ఆ నరాలు స్పందించాయి. ములుకు గుచ్చిన ఎర్ర ఒంటి నుంచి కారే రసంలో ఇలాంటి ఆమ్లాలు బోలెడు. బురద నీళ్లలో ఎర్రకు సాటి రాగల ఎర మరొకటి లేకపోవడానికి ఇదే కారణం.

పారే నీళ్లలో ఈ రుచి ఒక సన్నటి చారలా దిగువకు సాగుతుంది. చేప ఆ చార పట్టుకుని ఎదురీదుతూ ఎర దగ్గరికి వస్తుంది. కాబట్టి చేప దాగే చోటు, అంటే వంతెన స్తంభం నీడో, గట్టు కోసుకుపోయిన గుల్లో, ఎరకు దిగువన ఉండాలి. గాలాన్ని కాసేపు కదపకుండా ఒకచోటే ఉంచాలి కూడా. రెండు నిమిషాలకోసారి ఎత్తి ఇంకోచోట వేసేవాళ్లు తమ చేత్తోనే ఆ చారను తెంపేస్తున్నారు. ఎర్ర తెల్లబడి, పీలికలా వేలాడుతుంటే అందులో రసం అయిపోయిందన్నమాట. కదులుతున్నట్టు కనిపించినా సరే మార్చెయ్యాలి.

రసమే ముఖ్యమైతే చచ్చిన ఎర్ర చాలు కదా, బతికున్నది ఎందుకు? దీనికి జవాబు మనకు లేని రెండు ఇంద్రియాల్లో ఉంది.

చేప ఒంటికి రెండు వైపులా, మొప్పల వెనక నుంచి తోక దాకా చుక్కల గీత ఒకటి కనిపిస్తుంది. పొలుసుల్లోని చిన్న చిన్న రంధ్రాల వరుస అది. పాఠ్యపుస్తకాల్లో దాన్ని పార్శ్వరేఖ అంటారు. ఆ రంధ్రాల కింద నీటితో నిండిన సన్నటి గొట్టం, అందులో వెంట్రుకల్లాంటి నూగు ఉన్న కణాల గుత్తులు ఉంటాయి. బయట నీళ్లు ఏమాత్రం కదిలినా ఆ నూగు వంగుతుంది, నరానికి కబురందుతుంది. కటిక చీకట్లో ఎవరో మన ముందు నుంచి వేగంగా వెళితే ముఖానికి గాలి తగిలి తెలుస్తుంది చూడండి, చేపకు అలాంటి తెలివిడి ఒళ్లంతా, ఎల్లవేళలా ఉంటుంది. ఇది పనిచేసే దూరం తక్కువే, చేప తన ఒంటి పొడవుకు ఒకటి రెండు రెట్ల లోపు. కానీ ఆఖరి ఘడియలో కాటు సరిగ్గా పడేది దీని వల్లే.

ఈదే చేప తన వెనక నీళ్లలో సుడులు వదిలిపోతుంది. ఆ సుడులు వెంటనే మాసిపోవు. 2001లో జర్మనీ పరిశోధకులు యూరప్‌లోని వెల్స్ అనే పెద్ద మీసాల చేపనూ, చిన్న గప్పీ చేపలనూ కటిక చీకటి తొట్టెలో కలిపి వదిలి, పరారుణ కెమెరాలతో చిత్రీకరించారు. గప్పీ వెళ్లిపోయి పది సెకన్ల దాకా గడిచినా వెల్స్ అది ఈదిన దారినే మలుపు మలుపునా అనుసరించి వెళ్లి పట్టుకుంది. తర్వాతి ప్రయోగాల్లో పార్శ్వరేఖ పనిచెయ్యకుండా చేస్తే ఆ శక్తి పోయింది. మన వాలుగది వెల్స్ కుటుంబమే. రాత్రిపూట కాలువ మడుగులో వాలుగ కోసం వేసిన బతికున్న పరిగె తన సుడుల ఆనవాలుతో ఒక బాట గీస్తూ ఉంటుంది. చచ్చిన పరిగె ఆ బాట గీయలేదు.

రెండో ఇంద్రియం మరీ వింతది. 1917లో పార్కర్, వాన్ హ్యూసెన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు కళ్లకు గంతలు కట్టిన మీసాల చేప దగ్గరికి గాజు కడ్డీ తెస్తే అది పట్టించుకోకపోవడం, లోహపు కడ్డీ తెస్తే తాకకముందే స్పందించడం గమనించారు. నీళ్లలో లోహం పుట్టించే అతి బలహీనమైన విద్యుత్తును ఆ చేప గుర్తిస్తోంది! మీసాల చేపల చర్మంలో ఇందుకోసం ప్రత్యేకమైన సూక్ష్మ గుంతలు ఉన్నాయని తర్వాత తేలింది. బతికున్న ప్రాణి కండరం కదిలినా, మొప్ప ఆడినా దాని చుట్టూ నీళ్లలో సన్నటి విద్యుత్ క్షేత్రం ఏర్పడుతుంది. బురదలో కూరుకుపోయిన పురుగును కూడా మార్పు చేప తవ్వి తీయగలగడానికి ఈ గుణం తోడ్పడుతుంది. కొర్రమీనుకు ఈ శక్తి లేదు. దాని దారి వేరు, అక్కడికి వద్దాం.

గాలం వేసేచోట మాట్లాడకూడదని పెద్దవాళ్లు కసురుతుంటారు. అందులో సగమే నిజం. గాలిలోని మన మాట నీటి ఉపరితలం తగిలి దాదాపు మొత్తం వెనక్కి మళ్లిపోతుంది. గట్టు మీద కాలు బలంగా వేస్తే మాత్రం ఆ అదురు మట్టిలోంచి నేరుగా నీళ్లలోకి దిగుతుంది. పరిగె, బొచ్చె, జెల్ల జాతులకు ఈత తిత్తి నుంచి లోపలి చెవి దాకా చిన్న ఎముకల గొలుసు ఒకటుంది. దాన్ని 1820లో జర్మన్ వైద్యుడు వెబర్ వర్ణించాడు. దాని వల్ల ఇవి మిగతా చేపల కంటే చాలా బాగా వింటాయి. తేనెటీగల నాట్యాన్ని చదివి 1973లో నోబెల్ బహుమతి అందుకున్న కార్ల్ ఫాన్ ఫ్రిష్, అంతకు అర్ధ శతాబ్దం ముందే, 1923లో, చూపులేని ఒక మీసాల చేపకు ఈలవేస్తే తిండికి బయటకు వచ్చేలా నేర్పి, చేపలు వింటాయని లోకానికి చూపించాడు. కాబట్టి మెల్లగా మాట్లాడుకోవచ్చు. బకెట్టును ధబీమని దించకూడదు.

ఎరచేపల గురించి మనకు బాగా పనికొచ్చే సంగతి బయటపెట్టింది కూడా ఈ ఫ్రిషే. 1938లో ఆయన మిన్నో అనే చిన్న చేపలతో పనిచేస్తూ, ఒంటికి గాయమైన చేపను గుంపులోకి తిరిగి వదిలినప్పుడు మిగతావన్నీ బెదిరి చెల్లాచెదురు కావడం చూశాడు. గాయమైన చర్మం నుంచి నీళ్లలోకి వెలువడే ఒక పదార్థం సాటి చేపలకు ప్రమాదాన్ని తెలియజేస్తుందని తేల్చాడు. పరిగెల కుటుంబంలోనూ, మీసాల చేపల్లోనూ ఈ గుణం ఉంది. అదే వాసన వేటాడే చేపకు విందు పిలుపు కావచ్చని కూడా తర్వాత తెలిసింది. 1990లలో ఉత్తర అమెరికాలో జరిపిన ప్రయోగాల్లో పైక్ అనే వేట చేప ఈ పదార్థం ఉన్న వైపుకే వచ్చింది. దీని వల్ల గట్టు మీద తేలే లెక్క ఇది: పరిగెను గాలానికి గుచ్చిన చోటనే మళ్లీ పరిగెల కోసం వల విసరకూడదు, అక్కడ అవి మిగలవు. ఎరచేపలను బకెట్లో చేతులు పెట్టి కలియబెట్టకూడదు. ఒక్కదాని పొలుసులు రాలినా ఆ నీళ్లలోని మిగతావన్నీ బెదిరి, ఊపిరి వేగం పెంచి, ఉన్న ఆక్సిజన్‌ను త్వరగా ఖర్చు చేసేస్తాయి.

అక్టోబరు దాటాక కోనసీమలో నీళ్లు తేరుకుంటాయి. ఒండ్రు దిగుతుంది. పంట కాలువ అంచున గుర్రపుడెక్క, తూటికాడ అల్లుకున్న చోట్ల కొర్రమీను కాపు కాస్తుంది. తెలంగాణ రాష్ట్ర చేప ఇదే. 1793లో బ్లాక్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. మొప్పల పైన గాలి పీల్చుకునే ప్రత్యేకమైన గది ఉండటం దీని గొప్పతనం. ఈదే మధ్యలో పైకి వచ్చి గాలి మింగి, మళ్లీ దిగుతుంది. ఇది దానికి వీలైతే చేసే పని కాదు, చేసి తీరాల్సిన పని. వలలో చిక్కుకుని పైకి రాలేకపోతే నీళ్లలోనే ఊపిరాడక చనిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో కాలువలు ఎండి, మడుగుల్లో ఆక్సిజన్ పడిపోయినప్పుడు బొచ్చె, శీలావతి తేలిపోయి చస్తుంటే కొర్రమీను, మార్పు నిబ్బరంగా ఉండటానికి కారణం ఈ గాలి ఊపిరే.

గాలం వేసేవాడికి దీంతో ఒక మేలు ఉంది. కొర్రమీను తన చిరునామా తానే చెబుతుంది. ఆకుల సందున నీళ్లు ఒక్కసారి కదిలి, చిన్న చప్పుడుతో బుడగలు తేలితే అది గాలి మింగి దిగిందని అర్థం. దిగాక అది దూరం పోదు. అక్కడికి ఒకటి రెండు బారల దూరంలో, ఆకు అంచున, బతికున్న పరిగెను గానీ చిన్న రొయ్యను గానీ నెమ్మదిగా దించాలి. కొర్రమీను ప్రధానంగా కంటితో చూసి, కదలికకు రెచ్చిపోయి వేటాడుతుంది. నోరు తెరవగానే లోపల పుట్టే లాగుడుకు నీళ్లతోపాటు ఎర లోపలికి పోతుంది. దీనికి సెకనులో పదో వంతు కూడా పట్టదు.

కప్పపిల్లను కట్టి కొర్రమీను పట్టడం చాలా పాత పద్ధతి. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెచ్.ఎస్. థామస్ మన దేశంలో గాలం వేట గురించి 1873లోనూ, చెరువుల వేట గురించి 1887లోనూ రాసిన పుస్తకాలను వేటగాళ్లు ఇప్పటికీ చదువుతారు. కప్ప మంచి ఎర అన్నదాంట్లో సందేహం లేదు. అయినా నేను కప్పను వాడమని చెప్పను. మన వరిచేలల్లో పురుగును తినేది అది. ఒకప్పుడు మన దేశం నుంచి కప్పకాళ్లు టన్నులకొద్దీ ఎగుమతయ్యేవి. కప్పలు తగ్గిపోతున్నాయన్న ఆందోళన పెరిగి 1987లో ప్రభుత్వం ఆ వ్యాపారాన్ని ఆపేసింది. ఇప్పుడు రబ్బరు కప్పలు దొరుకుతున్నాయి, కంటితో వేటాడే కొర్రమీను వాటికీ పడుతుంది. దాని విషయంలో రుచి కంటే కదలికే ప్రధానం కాబట్టి ఇక్కడ ప్రాణం ఉన్న కప్ప అవసరమే లేదు.

ఇక ఎరను గుచ్చే తీరు. చాలామంది ఈ పనిని తొందరగా ముగించేస్తారు, నష్టపోయేదీ ఇక్కడే. ఎర్రను అరచేతిలో పెట్టుకుని చూడండి. ముందు భాగంలో లేత రంగులో ఒక పట్టీ ఉంటుంది. ఎర్రకు గుండెలు ఒకటి కాదు, జంటలు జంటలుగా ఉంటాయి. అవన్నీ ఆ పట్టీకి ముందు వైపునే ఉంటాయి. ములుకును పట్టీ వెనక ఒకసారి దూర్చి, కొంచెం ఎడంగా మళ్లీ ఒకసారి దూర్చి, రెండు కొసలు వేలాడేలా వదిలితే గుండెలకు దెబ్బ తగలదు, ఎర్ర చాలాసేపు మెలికలు తిరుగుతుంది. అది చర్మంతో ఊపిరి పీల్చుకునే ప్రాణి కాబట్టి నీళ్లలో మునిగినంత మాత్రాన చావదు. తొడుగులా ములుకంతా ఎక్కించేస్తే గాలం కనిపించదన్న తృప్తి మిగులుతుంది గానీ ఎర్ర వెంటనే చచ్చిపోతుంది. పక్కెలు, చిన్న పరిగెలు కొసలు కొరుక్కుపోతాయన్న భయం ఉంటే ఎర్రనే చిన్నది ఎంచుకోవాలి.

పరిగె పిల్లను గుచ్చడానికి నీటి పోకడ చూసుకోవాలి. నిలవ నీళ్లలో వీపు రెక్క కిందుగా, పార్శ్వరేఖకు బాగా పైన, కండలో మాత్రమే దిగేలా గుచ్చాలి. ములుకు కాస్త కిందికి దిగితే వెన్నుపూస తెగి చేప చచ్చుబడిపోతుంది. పారే కాలువలో వీపున గుచ్చితే చేప అడ్డంగా తిరిగి, మొప్పల్లోకి నీళ్లు తిరగబడి కొట్టి, కాసేపట్లోనే చనిపోతుంది. అక్కడ పై పెదవికి ఒక్కదానికే గుచ్చాలి. కొందరు రెండు పెదాలూ కలిపి కుడతారు. చేప నోటితో నీళ్లు తీసుకుని మొప్పల్లోంచి వదిలితేనే దానికి ఊపిరి. నోరు కుట్టేస్తే ఆ ఊపిరి ఆగిపోతుంది.

చేప పట్టాక ఎప్పుడు లాగాలన్నది గట్టు మీద తెగని వాదన. వేట చేపలు చాలావరకు ఎరను అడ్డంగా పట్టి, తర్వాత తిప్పుకుని తలవైపు నుంచి మింగుతాయి, ముళ్లు గుచ్చుకోకుండా. అందుకని బాగా మింగనిచ్చి లాగాలంటారు పాతకాలపు వాళ్లు. అలా చేస్తే గాలం కడుపులోకి దిగిపోతుంది, చిన్నదని వదిలేసిన చేప కూడా బతకదు. కొస లోపలికి వంగి ఉండే సర్కిల్ హుక్ వాడితే గాలం ఎక్కువగా నోటి మూలలోనే పట్టుకుంటుందని, లోతుగా దిగడం తగ్గుతుందని ఎన్నో పరిశోధనల్లో తేలింది. దానితో గట్టిగా కుదపకూడదు, దారాన్ని నిదానంగా బిగించాలి.

ఎరను బతికించుకోవడం దగ్గర కోనసీమ ఎండ మనకు శత్రువు. 20 డిగ్రీల దగ్గర లీటరు మంచినీళ్లు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టి ఉంచగలవు. 30 డిగ్రీలకు వచ్చేసరికి అది 7.5కు పడిపోతుంది. అదే సమయంలో వేడికి చేప ఒంట్లో పనులు వేగం పుంజుకుని దానికి ఎక్కువ ఆక్సిజన్ కావాల్సి వస్తుంది. సగం బకెట్లో యాభై పరిగెలు వేసి ఎండలో పెడితే గంటలో తెల్లగా తేలేది ఇందుకే. వెడల్పు మూతి పాత్ర, తక్కువ చేపలు, పైన తడి గోనె, గంటకోసారి కాలువ నీళ్లతో సగం మార్పు, ఇంతే కావాలి. కుళాయి నీళ్లు పోయకూడదు, అందులోని క్లోరిన్ మొప్పలను కాల్చేస్తుంది.

ఓడలరేవు, అంతర్వేది వైపు వెళ్లేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. గోదావరి బ్యారేజీ దిగువన గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల్లో పోటు పాట్ల ప్రభావం ఉంటుంది, సముద్రం దగ్గరయ్యేకొద్దీ నీళ్లు ఉప్పగా మారతాయి. మంచినీటి పరిగె ఒంట్లోని ఉప్పు కంటే బయటి ఉప్పు ఎక్కువైతే దాని ఒంట్లోని నీరు బయటికి లాగేసుకుపోతుంది. అక్కడ ఆ నీళ్లలోనే పట్టిన రొయ్యను వాడటం ఒక్కటే మార్గం.

ఎర్రలకు కోనసీమ స్వర్గం. కొబ్బరి పాదుల్లో, అరటి బోదెల కింద, పేడకుప్ప అడుగున తవ్వితే చాలు. దక్షిణాది నేలల్లో మామూలుగా కనిపించే లాంపిటో మౌరిటీ అనే రకం మట్టిలో ఉంటుంది. పేడకుప్పల్లోని పెరియోనిక్స్ సన్నగా, చురుగ్గా ఉంటుంది. జెల్లలకు నేను దీన్నే ఎంచుకుంటాను. వర్మికంపోస్టు గుంటల్లో పెంచే ఐసీనియా ఫెటిడా మాత్రం అంత మంచి ఎర కాదు. దాన్ని నొక్కితే పసుపుపచ్చని, ఘాటైన వాసన గల ద్రవం వదులుతుంది. వెన్నెముక ఉన్న జీవులకు హాని చేసే లైసెనిన్ అనే పదార్థం అందులో ఉంటుంది. రెయిన్‌బో ట్రౌట్ చేపలకు ఈ ఎర్రను మేపి చూసినప్పుడు అవి ఇష్టంగా తినలేదు. ఎర్రలను నిల్వ ఉంచడానికి మన దగ్గర కొబ్బరి పొట్టును మించింది లేదు. రెండు మూడు నీళ్లు మార్చి కడిగి, దానిలోని ఉప్పూ వగరూ పోగొట్టి, పిండి, మట్టి కుండలో వేసి నీడన పెడితే రోజుల తరబడి నిగనిగలాడుతూ ఉంటాయి. నీళ్లు కారేలా ఉండకూడదు, పొడిగానూ ఉండకూడదు. చర్మం ఆరితే వాటికి ఊపిరి లేదు.

పట్టకూడని చేపల మాట కూడా ఇక్కడే చెప్పాలి. వానాకాలంలో కొర్రమీను పిల్లలు పెడుతుంది. నారింజ ఎరుపు రంగులో వందలాది పిల్లలు ఒక ముద్దగా నీటి పైన కదులుతుంటే, కిందనే తల్లీ తండ్రీ కొన్ని వారాల పాటు కాపలా కాస్తాయి. ఆ ముద్ద మధ్యలోకి ఎర వేస్తే పెద్ద చేప తప్పకుండా పడుతుంది. అది ఆకలితో పట్టడం లేదు, పిల్లలను కాపాడుకోవడానికి కాటేస్తోంది. దాన్ని ఎత్తేసిన మరుక్షణం జెల్లలు, పరిగెలు ఆ పిల్లల మీద పడతాయి. ఒక్క చేప కూరకు ఆ మడుగులో వచ్చే ఏటి కొర్రమీనులన్నీ పోతాయి. ఇది వేట కాదని నా గట్టి నమ్మకం. ఒకప్పుడు ఎక్కడపడితే అక్కడ దొరికిన వాలుగను కూడా అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ముప్పులో ఉన్న జాతిగా లెక్కిస్తోంది. ఇక మందు కలిపి, కరెంటు పెట్టి పట్టేవాళ్ల సంగతి: నీళ్లలో విషం కలపడం, పేల్చడం 1897 నాటి చేపల చట్టంలోనే నేరం. కరెంటు గాలానికి పడని పిల్లలతో సహా అన్నిటినీ చంపుతుంది, కొన్నిసార్లు పట్టేవాడిని కూడా.

సాయంత్రం బకెట్లో మిగిలిపోయిన ఎరను పాపమని కాలువలో వదిలేస్తారు. మంచి మనసుతో చేసే ఈ పనే పెద్ద చిక్కు తెచ్చిపెడుతుంది. అమెరికాలోని మిన్నెసోటా అడవుల్లో హిమయుగం తర్వాత వేల ఏళ్లుగా ఎర్రలు లేవు. వలస వచ్చినవాళ్ల మొక్కల మట్టితోనూ, గాలం వేసేవాళ్లు మిగిలాయని పారబోసిన ఎరతోనూ అవి అక్కడికి చేరాయి. నేల మీద పరుపులా ఉండే ఆకుల పొరను తినేసి, దాని మీద ఆధారపడిన మొక్కలను దెబ్బతీశాయి. అక్కడి ప్రభుత్వం ఇప్పుడు మిగిలిన ఎరను చెత్తలో వేయమని బతిమాలుతోంది. మన దగ్గర ఎర్రలకు కొరత లేదు కాబట్టి వాటితో భయం లేదు. భయం ఎరచేపలతో. వలలో పడిన ప్రతి చిన్న చేపా పరిగె కాదు. తిలాపియా పిల్ల ఉండొచ్చు, 2000లో కేంద్రం నిషేధించిన ఆఫ్రికా మార్పు పిల్ల ఉండొచ్చు, ఒంటి నిండా గరుకు పలకలున్న దెయ్యం చేప పిల్ల కూడా ఉండొచ్చు. కోనసీమలో కాలువలన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. కొత్తపేట దగ్గర వదిలిన చేప పిల్లకు వైనతేయ మీది గన్నవరం అక్విడక్టే వంతెన అవుతుంది, రాజోలు బోదెల దాకా అడ్డు లేదు. ఆక్వా చెరువులో పట్టిన పిల్లలైతే తమతో రోగాలను కూడా తీసుకెళతాయి.

కాబట్టి గాలం పట్టుకుని గట్టుకు వెళ్లే ప్రతి ఒక్కరికీ నా విన్నపం ఒక్కటే. ఏ నీళ్లలో పట్టిన ఎరచేపను ఆ నీళ్లలోనే వాడండి. ఇంకోచోటి నుంచి తెచ్చినవి మిగిలితే కాలువలో పొయ్యకండి, ఇంటికి తెచ్చి కొబ్బరి పాదులో పాతిపెట్టండి.